హోసూరు చల్లగా ఉంటుంది కదా

మే నెల వస్తూనే ఆ ఇంట్లో మొదట జరిగే పని అటక మీది దిండ్లు దించడం. శోభన స్టూలెక్కి సంచుల్లోంచి ఒక్కొక్కటే తీసి కిందికి వేస్తూంటే, ఎనిమిదేళ్ళ అశోక్ వాటిని క్యాచ్‌లు పట్టుకుంటూ తనే బౌలరు, తనే కామెంటేటరు, తనే జనం అయిపోయి అరుస్తున్నాడు. పదమూడేళ్ళ మధుమిత మంచం మీద బోర్లా పడుకుని, సెలవులిచ్చిన దగ్గర్నుంచి అంటున్న మాటే మళ్ళీ అంది. "బోర్ కొడతాండాది మా." ఈ పిల్లకు స్కూలుంటే స్కూలు బోరు, సెలవులిస్తే సెలవులు బోరు. దిండ్లు తీసుకెళ్ళి మేడ మీద వెయ్యమంటే అది అన్నిటికంటే పెద్ద బోరు. చివరికి దిండ్లూ పరుపులూ మోసుకుని మేడెక్కింది శోభనే. అక్కడ పరుస్తూంటే కింద వాకిట్లోంచి అత్తగారు గౌరమ్మ గొంతు వినిపించింది. "ఒగ పక్కే ఎండితే లాభం లేదమ్మా. మజ్జాన్నం పోయి తిరగెయ్యి."

ఆ దిండ్లు చుట్టాలకు. హోసూరు చల్లగా ఉంటుంది కదా, అందుకని వేసవి వస్తే శోభన భర్త ఉదయ్ కుమార్ తరఫు వాళ్ళంతా ఊటీ ఎక్కినట్టు హోసూరు ఎక్కుతారు. వేలూరు నుంచి ఆడబిడ్డ మంజుశ్రీ, చిత్తూరు నుంచి పెద్దమ్మ పిల్లలు, ఇంకా ఎవరికి ఉక్కపోస్తే వాళ్ళు. ఒకప్పుడు ఈ ఊళ్ళో మే నెలలో కూడా తెల్లారుజామున దుప్పటి కప్పుకునేవాళ్ళమని గౌరమ్మ చెప్తుంది. ఇప్పుడు ఎటు చూసినా ఫ్యాక్టరీలు, అపార్టుమెంట్లు, లారీలు. ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆగదు. చల్లదనం పోయింది గానీ ఆ పేరు పోలేదు, చుట్టాలూ పోలేదు. వచ్చిన ప్రతివాళ్ళూ గుమ్మంలో చెప్పులు విడుస్తూనే "అబ్బ, ఏం చల్లగా ఉండాదప్పా మీ ఊరు" అంటారు. వాళ్ళు ఆ మాట అనే సమయానికి శోభన రెండు పొయ్యిల ముందు నిలబడి ఉంటుంది కాబట్టి, ఆ సంగతి నిజమో కాదో ఆమెకు ఇంతవరకూ సరిగ్గా తెలియదు.

శోభన పుట్టిల్లు ఊత్తంగరై. కృష్ణగిరి దాటి పోవాలి, నిప్పులు చెరిగే ఊరు. పెళ్ళయినప్పటి నుంచి వేసవిలో అక్కడ నాలుగు రోజులు ఉన్నది లేదు. మొదటి వేసవికి కడుపుతో ఉంది, ఎండ తగలకూడదన్నారు. మరుసటి వేసవికి చంటిబిడ్డ, ఆ బిడ్డకు ఎండ తగలకూడదన్నారు. ఆ తర్వాత ఎండ సంగతి ఎవరూ ఎత్తలేదు, ఆడబిడ్డ వస్తూంటే ఇంటికోడలు లేకపోతే ఎట్లా అన్నారు. "లోకమంతా ఈడికి వస్తాంటే నువ్వు ఆడికి పోతానంటావేంది శోభా" అని ఉదయ్ నవ్వుతాడు. నవ్వడమే అతని పద్ధతి. అరవడు, చెయ్యెత్తడు, వద్దు అని కూడా అనడు. అరిచే మొగుడైతే తిరగబడటమైనా సులువుగా ఉండేదేమో అని ఆమెకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. నవ్వే మనిషితో ఏమని పోట్లాడాలి? అసలు వెళ్ళనే లేదా అంటే వెళ్ళింది. తమ్ముడి పెళ్ళికి వెళ్ళింది, వాళ్ళ పాప నామకరణానికి వెళ్ళింది, నాన్న పోయినప్పుడు వెళ్ళింది. ప్రతిసారీ చేతిలో ఒక కారణం ఉండాలి. కారణం అయిపోగానే బస్సెక్కాలి. మొన్న ఫోన్‌లో తల్లి అంజనమ్మ అంది. "నువ్వు వచ్చేది అందురూ ఉన్నప్పుడే గదమ్మా. నీతో కూసోని మాట్లాడి ఎన్నాళ్ళాయనో. పనేమీ లేకుండా ఊరికే రా ఒగసారి." ఫోన్ పెట్టేశాక శోభన చాలాసేపు ఆ మాట దగ్గరే ఉండిపోయింది. ఊరికే ఎక్కడికైనా వెళ్ళడమన్నది తన బతుకులో చివరిసారి ఎప్పుడు జరిగిందో ఎంత వెతికినా గుర్తు రాలేదు.

అందుకే ఈసారి లీవు పెట్టింది. ఆమె పనిచేసే కంపెనీలో బండ్లకు వేసే చిన్న చిన్న భాగాలు తయారవుతాయి. కన్వేయర్ మీద వచ్చిన ప్రతి ముక్కనూ లైటు కింద పట్టుకుని, గీత ఉందా, సొట్ట ఉందా అని చూసి పంపడం ఆమె పని. మే రెండో వారం మధ్య నుంచి పది రోజులు మెషిన్లు సర్వీసుకు ఆపుతారు, లీవు సులువుగా దొరుకుతుంది. "ఏమ్మా, ఫంక్షనా?" అని సూపర్‌వైజర్ అడిగాడు. "లేదు సార్, ఊరికే" అంది శోభన. ఆయన వింతగా చూశాడు గానీ సంతకం పెట్టాడు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి, టీవీ ముందున్న ఉదయ్‌తో "నాకు రెండో వారం లీవు దొరికింది" అని చెప్పి, మిగతాది చెప్పబోతూంటే పొయ్యి మీద పాలు పొంగాయి. పరుగెత్తింది. పొయ్యి తుడిచి తిరిగొచ్చేసరికి ఉదయ్ చెల్లెలితో ఫోన్‌లో ఉన్నాడు. "మీ వదినకి లీవు దొరికినాదంట మంజూ. ఆ వారమే వచ్చేయండి. పోయినేడు మాదిరి ఆమె డ్యూటీకి పోతే మీకు ఇబ్బంది గదా." ఫోన్ పెట్టేసి భార్య వైపు తిరిగాడు. ఆమె చేతిలో ఏదో కానుక పెట్టినవాడి మొహం.

"నేను ఊత్తంగరైకి పోదామని పెట్టినాను ఆ లీవు" అంది శోభన.

"అయ్యో, ముందే చెప్పకూడదా? ఇప్పుడు మంజుకి చెప్పేసినాను గదా" అన్నాడు ఉదయ్. నిజంగానే నొచ్చుకున్నాడు. అంతలోనే నవ్వాడు. "ఇంకోసారి పోదువులే. ఊత్తంగరై యాడికన్నా పారిపోతాదా?"

ఆ ఇంట్లో కోడలికి లీవు అంటే కోడలు ఇంట్లో ఉంటుందని అర్థం. అంతకు మించి దానికి ఇంకో అర్థం ఉండొచ్చని ఎవరికీ తోచలేదు. శోభనకే ఇన్నాళ్ళూ తోచలేదు, ఇక వాళ్ళను అని ఏం లాభం?

మంజుశ్రీ ఇద్దరు మగపిల్లలతో దిగింది. ఇక ఇల్లు ఇల్లులా లేదు. నలుగురు పిల్లలు, ఒక్క ఫ్రిజ్. ఫ్రిజ్ తలుపు పడే చప్పుడును బట్టి ఎవరు తెరిచారో శోభన వంటింట్లోంచే చెప్పేస్తుంది. మెల్లగా పడితే మధుమిత, దబ్బున పడితే అశోక్, అసలు చప్పుడే లేకపోతే మంజు చిన్నకొడుకు, తలుపు తెరిచి పెట్టి ఆ చలిగాలికి చొక్కా ఎత్తి పొట్ట చూపిస్తున్నాడన్నమాట. బాటిళ్ళు నింపడం, ఖాళీ బాటిళ్ళు మంచం కింద నుంచి ఏరడం, మళ్ళీ నింపడం. మామిడిపండ్ల రసం గోడలకు, సోఫాకు, గౌరమ్మ చీరకు. మధ్యాహ్నం కరెంటు పోతే నలుగురూ కలిసి శోభన చుట్టూ చేరి "ఎప్పుడొస్తాది" అని అడుగుతారు, కరెంటు ఆమె కొంగులో దాచిపెట్టినట్టు. నవ్వొస్తుంది, విసుగొస్తుంది, ఒక్కోసారి రెండూ కలిసి వచ్చి తల ప్రాణం తోకకొస్తుంది. గిన్నెలు తోముతూంటే అశోక్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "మా, నీకు లీవు అన్నావు గదా. ఎప్పుడు స్టార్ట్ అయితాది?" వాడు వెక్కిరించలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. శోభన ఇంకో గిన్నె అందుకుని, పోయి ఆడుకో అంది.

అన్నిటికంటే ఆమెకు మంట తెప్పించింది మంజు నిద్ర. తొమ్మిదవుతుంది, లేవదు. ఇడ్లీలు ఒక దఫా, రెండు దఫాలు అయ్యాక, పిల్లలు తిని ఆటలకు పోయాక, జుట్టు ముడేసుకుంటూ మెల్లగా వస్తుంది. గౌరమ్మ కూతురి వైపు మురిపెంగా చూసి "పడుకోనియ్యి, పుట్టింటికి వచ్చేది అందుకే గదా" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా శోభన చేతిలో గిన్నె కాస్త గట్టిగా మోగుతుంది. ఒక పొద్దున అట్లా మోగాక, మంజు వంటింట్లోకి వచ్చి గ్రైండరు పక్కన గోడకు ఆనుకుని కింద కూర్చుంది. కాఫీ గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని, పైకి చూడకుండా అంది. "నేను లేటుగా లేస్తాండానని నీకు కోపం గదా వదినా."

"కోపమేముంది" అంది శోభన.

"వేలూర్లో మాకు నీళ్ళొచ్చేది తెల్లారుజామున. పట్టేది నేనే. ఏడాదంతా కలలో కూడా కొళాయి చప్పుడే వినిపిస్తాది నాకు. ఒగ రోజు లేవకపోతే మా అత్త నెలంతా చెప్పుకుంటాది. ఈడికొచ్చినాకే వదినా, నేను కంటి నిండా నిద్రపోయేది." మంజు నవ్వబోయింది, కుదరలేదు. "నాకు తెలుసు, నేను పడుకుంటే నువ్వు లేయాల. తెలిసే పడుకుంటాండాను."

ఇన్నేళ్ళూ ఈ పిల్ల మీద కూడబెట్టుకున్న కోపమంతా ఒక్కసారిగా ఎటు పోయిందో శోభనకు తెలియలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళెంలో రెండు వేడి ఇడ్లీలు పెట్టి మంజు ముందుంచింది. అయినా లోపల ఒక మాట మాత్రం అట్లాగే ఉండిపోయింది. మంజుకు ఈ వారం ఎంత అవసరమో తనకూ అంతే అవసరం. లీవులో సగం అప్పుడే అయిపోయింది.

ఆ మధ్యాహ్నం అందరూ అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు, ఆదివారం కాబట్టి ఉదయ్ కూడా ఉన్నాడు, శోభన రసం వడ్డిస్తూ మామూలు గొంతుతో చెప్పింది. "ఎల్లుండి నేను ఊత్తంగరైకి పోతాండాను. మిగిలిన లీవంతా ఆడే ఉంటాను."

"ఏమన్నా పని ఉండాదా ఆడ?" అన్నాడు ఉదయ్.

"లేదు. ఊరికే."

ఉదయ్ మంచి మనసుతోనే అన్నాడు. "సరే పో. ఎవురు వద్దన్నారు? మంజు ఉంది గదా, చూసుకుంటాది."

ఎన్నేళ్ళుగానో వినాలనుకున్న మాట. "సరే పో." అది ఇంత తేలిగ్గా వస్తుందని శోభన అనుకోలేదు. కానీ ఆమె చూపు అప్పుడు మంజు పళ్ళెం మీద ఉంది. రసం కలుపుతున్న మంజు చెయ్యి ఆగిపోయింది. తలెత్తలేదు, కాదనలేదు. మరుసటి తెల్లారుజామున లేవడానికి అప్పుడే ఒళ్ళు సిద్ధం చేసుకుంటున్నట్టు కూర్చుంది. తన సంకెల విప్పమంటే ఈ మనిషి విప్పాడు, విప్పి పక్కనున్న ఆడదాని కాలికి వేశాడు. అందులో తప్పుందని కూడా అతనికి తెలియదు. అంతలో గౌరమ్మే అందుకుంది. "అదెట్ల కుదురుతాదిరా? ఆడబిడ్డ పుట్టింటికొచ్చి గరిటె పట్టుకుంటాదా?"

"పట్టుకోదు అత్తా" అంది శోభన. "మంజు ఏ పనీ ముట్టకూడదు. నేను కూడా ఒగ ఇంటి ఆడబిడ్డనే, అందుకే పోతాండాను." ఉదయ్ వైపు తిరిగింది. "మీరు చెయ్యండి వంట."

ఉదయ్ నవ్వాడు. అతను నవ్వినప్పుడు ఆమె కూడా నవ్వి, మాట అక్కడితో వదిలేయడం ఆ ఇంటి అలవాటు. శోభన నవ్వలేదు. రసం గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడి అతని వైపు చూసింది. పిల్లలు కూడా తినడం ఆపారు. ఉదయ్ నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియక నీళ్ళు తాగాడు.

తర్వాత శోభన మేడ మీదికి వెళ్ళి తమ్ముడి భార్యకు ఫోన్ చేసింది. దివ్యశ్రీ ఎప్పుడూ మర్యాదగా మాట్లాడే పిల్ల. "ఎల్లుండా వదినా? రండి రండి" అంది. ఆ రెండు మాటల మధ్య చిన్న ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో వెనక నుంచి వాళ్ళ పాప గొంతు వినిపించింది. "అయితే మనం రాయకోటకి అవ్వ ఇంటికి పోవడం లేదా మా?" ఎవరో ఆ పిల్ల నోరు మూసినట్టు మాట ఆగింది. "ఏమీ లేదు వదినా, మీరు రండి. మేము ఎప్పుడన్నా పోవచ్చు. రాయకోట యాడికి పోతాది" అంది దివ్య, నవ్వుతూ.

శోభన ఫోన్ పట్టుకుని అక్కడే చప్టా మీద కూలబడింది. కాలుతోంది, అయినా లేవలేదు. తన ఇంట్లో మంజు ఏమిటో, ఆ ఇంట్లో తను అదే. తను వస్తుందంటే అక్కడ ఒకామె సర్దిన బ్యాగు విప్పుకోవాలి. నాన్న పోయినప్పుడు, పాప నామకరణానికి, తను వెళ్ళిన ప్రతిసారీ గుమ్మంలో చెంబుతో నీళ్ళు ఇచ్చింది దివ్యే. ఆ పిల్లకు కూడా ఒక ఊరుందని, అక్కడ ఆమెకోసం ఎదురుచూసే తల్లి ఉందని ఒక్కనాడైనా అనుకుందా తను? "దివ్యకి పొద్దెక్కిందాకా మెలకువ రాదు" అని అమ్మ ఫోన్‌లో దెప్పినప్పుడు తను కూడా ఊఁ కొట్టలేదా? వేలూరు నుంచి రాయకోట దాకా అందరూ ఆడవాళ్ళే, ఒకరు సుఖపడాలంటే ఇంకొకరు లేవాలి. ఇంత మంది కదులుతున్నా ఉదయ్ కదలడు, తమ్ముడు గోపీచంద్ కదలడు, వేలూర్లో మంజు మొగుడు కదలడు. వాళ్ళు పుట్టిన ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళ నోట పుట్టిల్లు అనే మాటే రాదు, వాళ్ళకున్నది ఇల్లు. ఇప్పుడు తను ఫోన్ చేసి "వద్దులే దివ్యా, నువ్వు పో, నేను మానేస్తా" అంటే అందరూ ఎంత మంచిదో అంటారు. ఆ మంచితనం ఆమెకు బాగా అలవాటే. వేలు ఆ నంబరు మీదికి వెళ్ళింది కూడా. దానికి బదులు తమ్ముడికి చేసింది.

"గోపీ, నేను ఎల్లుండి వస్తాండాను. దివ్యనీ పాపనీ రాయకోటకి పంపించు."

"అదేందక్కా, నువ్వొచ్చే టైముకి ఆమె లేకపోతే ఎట్ల? అమ్మకి చేతకాదు."

"అమ్మ చెయ్యొద్దు. నేనూ చెయ్యను, నేను ఊరికే వస్తాండాను. నువ్వు చెయ్యి."

"నాకేం వస్తాదక్కా వంట?"

"నాకు మాత్రం వచ్చేదా రా? అత్తగారింటికి పోయినాకే వచ్చింది. నువ్వు ఉండే ఇంట్లోనే నేర్చుకోవచ్చు, నీకు ఇంకా సులువు."

అవతల గోపీచంద్ గొణిగాడు. "దివ్య అడగనే లేదక్కా, పోతానని."

"నేను కూడా ఇన్నేళ్ళూ గట్టిగా అడగలేదు. అందుకని పోవాలని లేకపోయిందా?"

మంగళవారం పొద్దున శోభన ఒక్కతే బయల్దేరింది. పిల్లలు రాలేదు. బావలను వదిలి, వైఫై లేని ఊరికి వాళ్ళెందుకొస్తారు? వెళ్ళేముందు ఆమె ఏదీ వండిపెట్టలేదు, ఏది ఎక్కడుందో చెప్పలేదు. ఉదయ్ ఆఫీసుకు లీవు పెట్టి, లుంగీ కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, ఇంకా ఆమె మనసు మారుతుందేమోనని చూస్తున్నాడు. "అమ్మా, పోనీ నువ్వు" అని గౌరమ్మ వైపు తిరిగాడు. గౌరమ్మ కుర్చీ లాక్కుని వంటింటి తలుపు దగ్గర వేసుకుంది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుంది. ఆమెకు కోడలి మీద కోపం కోపంగానే ఉంది. కానీ లోపలి గదిలో కూతురు నిద్రపోతోంది. "నాకు మోకాళ్ళు నొప్పిరా. మంజుని నేను లేపను. ఏడాదికోసారి వచ్చే బిడ్డ" అంది. "ఎసురు పెట్టు. సంగటి ఎట్ల గెలకాలో నేను కూసోని చెప్తాను. దానికి కండ బలం కావాల, నీకుండాది గదా." శోభన గేటు దాటేటప్పటికి వంటింట్లో గిన్నె ఒకటి కింద పడిన చప్పుడు వినిపించింది. అలవాటు కొద్దీ కాలు వెనక్కి తిరగబోయింది. ఆపుకుంది.

బస్సు శూలగిరి దాటాక మధుమిత ఫోటో పంపింది. పళ్ళెంలో సంగటి, మధ్యలో ఉండలు ఉండలుగా ఉడకని పిండి. కింద రాసింది. "నాయన చేసింది. అవ్వ తిడతాండాది. అత్త ఇంకా లేవలేదు. ఈ రోజు బోర్ కొట్టలేదు మా." శోభన కిటికీ వైపు తిరిగి తనలో తనే నవ్వుకుంది. పక్కసీటామె అనుమానంగా చూసింది.

కృష్ణగిరి బస్టాండులో ఊత్తంగరై బస్సు కోసం నడుస్తూంటే, ఎదురుగా దివ్య. చేతిలో బ్యాగు, ఇంకో చేత్తో పాప. వదినను చూసి తప్పు చేస్తూ దొరికిపోయినట్టు మొహం పెట్టింది. "మీరొస్తాంటే నేను పోతాండాను వదినా. అత్తమ్మ ఏమనుకుంటాదో."

"అనుకోనియ్యి. నేనుండాను గదా ఆడ, అనిపించుకుంటాను" అంది శోభన.

"ఆయన పొద్దున్నుంచి కుక్కరు చుట్టూ తిరగతాండాడు, బాంబు మాదిరి చూస్తాండాడు" అంది దివ్య. చెప్తూ చెప్తూ ఆమెకే నవ్వొచ్చింది. శోభన ఫోన్ తీసి సంగటి ఫోటో చూపించింది. ఇద్దరూ ఆ ఎండలో, జనం మధ్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఏ పనీ చేతిలో లేకుండా ఒకచోట నిలబడటం అదే మొదలు.

రాయకోట బస్సు కదలడానికి హారన్ కొట్టింది. శోభన వాళ్ళను ఎక్కించి, కిటికీలోంచి పాపకు నీళ్ళ బాటిల్ అందించింది. దివ్య సీట్లో సర్దుకుని, చెమట తుడుచుకుని, హాయిగా వెనక్కి వాలింది. వాలినదల్లా ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. శోభన మొహంలోకి ఒక్క క్షణం చూసింది. బ్యాగులోంచి ఫోన్ తీసి, రాయకోటలో తన అన్న భార్యకు కలిపింది.

"వదినా, నేను దివ్యని. బస్సెక్కినాను" అంది. "అది సరేగానీ, ఈ వారం నువ్వు యాడికన్నా పోవాలనుకుంటాండావా?"